సుంకమూ అభయమూ: మోటుపల్లి శాసనాల నుండి ఆముక్తమాల్యద దాకా

ఒక ఊరికి వచ్చేవారి మీద, అక్కడ వ్యాపారం చేసేవారి మీద వేసే సుంకాన్ని ఆ ఊరి అభివృద్ధికే వాడుతున్నామని చెప్పడం, గడువు తీరగానే అదే మాట మళ్లీ చెప్పి దాన్ని పొడిగించడం ఆధునిక పాలనలో పరిచితమైన పద్ధతి. పర్యాటకం పేరిటా వాణిజ్యం పేరిటా సాగే ఇలాంటి పొడిగింపుల చర్చలో లెక్కలు ఎక్కువగా, మాటలు తక్కువగా వినిపిస్తాయి. కాని సుంకం లెక్కతో పాటు మాట కూడా. ఎంత తీసుకుంటామో చెప్పేది లెక్క. ఎందుకు తీసుకుంటామో, తీసుకున్నందుకు ఏమి ఇస్తామో, ఏ హద్దు దాటబోమో చెప్పేది మాట. ఆ మాటను తెలుగు నేల మీద రాతిపై చెక్కించిన సందర్భాలు రెండు ఒకే రేవులో ఉన్నాయి. మొదటిది శక 1166 (క్రీ.శ. 1244-45) నాటి కాకతి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం. రెండవది శక 1280 (క్రీ.శ. 1358) నాటి అనపోతారెడ్డి మోటుపల్లి శాసనం.

ఈ రెంటినీ చరిత్రకారులు విదేశీ వాణిజ్యానికి ఆధారాలుగా విరివిగా వాడుకున్నారు. హుల్ట్‌ష్ మొదటి శాసనాన్ని పరిష్కరించి ప్రకటించిన నాటి నుండి మల్లంపల్లి సోమశేఖరశర్మ, సురవరం ప్రతాపరెడ్డి, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి వారి రచనల దాకా మోటుపల్లి ప్రస్తావన లేని ఆంధ్ర వాణిజ్య చరిత్ర అరుదు. అయితే వీటిని రచనలుగా, అంటే ఒకరు మరొకరిని ఉద్దేశించి ఒక ప్రయోజనం కోసం చెప్పిన మాటలుగా చదివే ప్రయత్నం తక్కువగా జరిగింది. ఈ రెండు శాసనాలనూ, వీటితో సరుకులో గాని భావంలో గాని సంబంధం ఉన్న హరవిలాస, ఆముక్తమాల్యదలనూ కలిపి చదివి, సుంకం మాట ఎవరు ఎవరితో చెబుతున్నారన్న ప్రశ్న ద్వారా ఆ మాటలో వచ్చిన మార్పును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సుంకం ఒక రాజ్యం నుండి మరొక రాజ్యానికి కొనసాగాలంటే పాత రేటు సరిపోలేదని, పాత వాగ్దానాన్ని పెంచి చెప్పవలసి వచ్చిందని, వర్తకుణ్ణి ఉద్దేశించిన ఆ వాగ్దానం క్రమంగా రాజును ఉద్దేశించిన ఉపదేశంగా మారినప్పుడు వర్తకుని చేతిలోని ఆధారం తగ్గిపోయిందని ఇక్కడి ప్రతిపాదన.

సామెతలో సుంకరి, శాస్త్రంలో శుల్కం

శాసనాల జోలికి పోయే ముందు సుంకం గురించి మన భాషలో నిలిచిన భావాన్ని గమనించాలి. "సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకొన్నట్లు" అని తెలుగు సామెత. వినే చెవి లేని చోట చెప్పుకొనే మొరకు సుంకరిని ఉపమానం చేసింది జనవ్యవహారం. సంస్కృత లౌకిక న్యాయాల్లో ఘట్టకుటీప్రభాత న్యాయం మరొకటి. సుంకం తప్పించుకోవాలని రాత్రంతా అడ్డదారిన నడిచిన వర్తకుడు తెల్లవారేసరికి సుంకపు చావడి ముందే తేలాడట. మన పండితులు వాదంలో ప్రత్యర్థి ఎంత తప్పించుకున్నా చివరికి తమ సిద్ధాంతానికే వచ్చాడని చెప్పడానికి ఈ న్యాయాన్ని వాడారు. సామెతలోనూ న్యాయంలోనూ సుంకరి తప్పించుకోరాని ఆపద. అతడు ఏమైనా ఇస్తాడన్న ఊహ ఈ రెంటిలోనూ లేదు.

శాస్త్రగ్రంథాల దృష్టి వేరు. మనుస్మృతి అష్టమాధ్యాయం సరకుకు తెలిసినవారు వెల కట్టాలని, దానిలో ఇరవయ్యో వంతు రాజు తీసుకోవాలని చెబుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రం నావధ్యక్ష ప్రకరణంలో ఇంకొక అడుగు ముందుకు వేసి, గాలివానకు దెబ్బతిని వచ్చిన ఓడను అధికారి తండ్రిలా ఆదుకోవాలని, నీటికి చెడిన సరకు మీద సుంకం పూర్తిగా గాని సగం గాని మానాలని విధిస్తుంది. అంటే ఓడ చెడిన వర్తకుని పట్ల దయ శాస్త్రానికి కొత్త కాదు. కాని శాస్త్రం అధికారికి చేసిన విధి. వర్తకునికి ఇచ్చిన మాట కాదు. అధికారి ఆ విధిని పాటించకపోతే వర్తకుడు చూపించడానికి అతని చేతిలో ఏమీ లేదు. ఈ తేడా మోటుపల్లి శాసనం విలువను తెలుసుకోవడానికి కీలకం.

గణపతిదేవుని అభయం

గణపతిదేవుడు 1199 నుండి 1262 దాకా పాలించాడు. ఓరుగల్లు కేంద్రంగా మెట్టప్రాంతంలో ఎదిగిన కాకతీయ రాజ్యం అతని కాలంలోనే వెలనాటి మీదుగా తీరానికి చేరింది. చెరువుల కింది సేద్యం, గుళ్లు, నాయంకర వ్యవస్థ వంటి వాటితో అలవాటున్న రాజ్యానికి సముద్రం కొత్త. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో చిన్న పల్లెగా మిగిలిన మోటుపల్లి నాడు ఆ రాజ్యానికి ముఖ్యమైన రేవు. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గరి స్తంభం మీద ఉన్న శాసనంలో రాజవంశ వర్ణన, అభయవచనం సంస్కృతంలో సాగుతాయి. సరకుల మీది సుంకాల పట్టికలో తెలుగు మాటలు కనిపిస్తాయి.

అభయవచనం సారాంశం ఇది. ద్వీపాంతరాలకు, దేశాంతరాలకు, పట్టణాలకు పోయే, అక్కడి నుండి వచ్చే ఓడవర్తకులకు గణపతిదేవుడు అభయమిస్తున్నాడు. ఒక దేశం నుండి మరొక దేశానికి బయలుదేరి తుఫానుకు చిక్కి పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన వాటినన్నిటినీ పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారు. తాము మాత్రం ప్రాణం కంటె ధనమే గొప్పదనుకొని సముద్రయానమనే మహాసాహసానికి పూనుకొన్నవారి మీది దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, క్లృప్తశుల్కం తప్ప తక్కినదంతా వారికే విడుస్తున్నారు. ఆ శుల్కం ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు. ఆ తర్వాత గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు, పోకలు మొదలైన వాటి మీద ఎంతెంత తీసుకోవాలో పట్టిక ఉంది.

ఈ రచనలో గమనించవలసినవి మూడు. మొదటిది, పూర్వపు అన్యాయాన్ని పేరు పెట్టి చెప్పడం. శాసనాల్లో పూర్వరాజుల ప్రస్తావన సాధారణంగా వారి దానాలను కాపాడుతామనడానికే వస్తుంది. ఇక్కడ వారి పనిని బలవంతపు అపహరణగా ఎత్తిచూపి, తాము దాని నుండి తొలగుతున్నామని చెప్పడం జరిగింది. తిరిగి రావడానికి జంకుతున్న వర్తకుని భయం ఏమిటో శాసనకర్తకు తెలుసు. ఆ భయాన్ని దాచి మాట్లాడితే అభయానికి అర్థం ఉండదు.

రెండవది, "క్లృప్తశుల్కం తప్ప" అన్న వాక్యనిర్మాణం. ఇక్కడ రాజు తన హక్కును చాటుకొనే రీతిలో సుంకాన్ని చెప్పలేదు. విడుస్తున్నదంతా ముందు, తీసుకొంటున్నది మినహాయింపుగా వెనుక. క్లృప్తమంటే ఏర్పరచినది, ఇంతేనని నిర్ణయించినది. ఆ మాట వల్ల సుంకం పైహద్దుగా మారుతుంది. రాజుకు ఇంత రావాలనే మాట కంటె, రాజు ఇంతకు మించి రాడనే హామీ ఇందులో బలంగా వినిపిస్తుంది. మనువు చెప్పిన ఇరవయ్యో వంతుతో పోలిస్తే ముప్పయ్యో వంతు తక్కువ కూడా. రేటు తక్కువ కావడం ఒక ఆకర్షణ. అది ముందుగా తెలిసి ఉండడం అంతకంటె పెద్ద ఆకర్షణ. సముద్రం ఏమి చేస్తుందో తెలియని మనిషికి ఒడ్డున ఏమి జరుగుతుందో అయినా తెలియాలి కదా.

మూడవది, చెప్పిన ప్రయోజనాల మధ్య ఉన్న అమరిక. దయ, కీర్తి, ధర్మం అన్న మూడు మాటలు దానశాసన పరిభాషలోనివే. భూమిదానానికో దేవుని వృత్తికో వాడే ఆ పరిభాషను శాసనకర్త వాణిజ్యవిధానానికి తరలించాడు. తీసుకొనడానికి అవకాశం ఉన్నదాన్ని విడిచిపెట్టడాన్ని దానంగా చూపాడు. దీని వల్ల ఆ మాటకు దానశాసనానికుండే స్థిరత్వం వస్తుంది. ఇచ్చిన దానాన్ని హరించడం పాపమన్న సామాన్య భావన, ఆ మాట ఎక్కడా చెప్పకుండానే, వర్తకునికి రక్షగా పనిచేస్తుంది.

ఇక్కడ సుంకం రేవు అభివృద్ధికే ఖర్చయిందని చెప్పడానికి శాసనంలో ఆధారం లేదు. నేటి అర్థంలో ప్రత్యేకనిధి ఊహ అందులో లేదు. కాని సుంకం విధించే తీరే రేవు వృద్ధికి సాధనమన్న ఎరుక స్పష్టంగా ఉంది. ఓడలు వస్తే ముప్పయ్యో వంతు వస్తుంది. ఓడలు రాకపోతే అన్నీ లాక్కొనే హక్కు ఉన్నా వచ్చేది సున్న. గణపతిదేవుని తరువాత రుద్రమదేవి కాలంలో ఈ రేవు పేరు మార్కో పోలో వృత్తాంతంలో ముత్ఫిలిగా కనిపించడం, అక్కడి సన్నని బట్టలను, వజ్రాలను అతడు మెచ్చుకోవడం ఈ సందర్భంలో తలచుకోదగినవి.

పొడిగింపు: అనపోతారెడ్డి శాసనం

1323లో కాకతీయ రాజ్యం కూలింది. అభయమిచ్చిన రాజవంశమే లేనప్పుడు ఆ అభయం ఎవరిది? ఈ ప్రశ్న రేవుకు వచ్చే వర్తకునికి కేవలం సిద్ధాంతం కాదు. అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి స్థాపించిన రాజ్యానికి అతని కుమారుడు అనపోతారెడ్డి 1353 ప్రాంతంలో వారసుడయ్యాడు. రాజధాని కొండవీటికి మారింది అతని కాలంలోనే. మొదటి శాసనం వెలసిన 114 సంవత్సరాలకు, 1358లో, మోటుపల్లి వర్తకులను ఉద్దేశించి అతని శాసనం వెలువడింది. అందులో సంస్కృతంతో పాటు తెలుగు, తమిళం ఉన్నాయి. రాజవంశ ప్రశస్తికి సంస్కృతం చాలు. వర్తకునికి హామీ అందాలంటే అతడు చదవగల భాష కావాలి. తీరం వెంట వచ్చే తమిళ వర్తకుణ్ణి పాఠకుడిగా ఊహించిన శాసనమిది. భాషల ఎంపికలోనే దాని ప్రయోజనం తెలుస్తున్నది.

ఈ శాసనం పాత సుంకాన్ని పాత మర్యాద ప్రకారం కొనసాగిస్తానంటుంది. కాని అక్కడితో ఆగదు. మోటుపల్లికి వచ్చి నివసించదలచినవారిని గౌరవిస్తామని, వారికి భూమి ఇస్తామని, వెళ్లిపోవాలనుకొన్నప్పుడు అడ్డగించబోమని చెబుతుంది. తెచ్చిన సరకును తమకు నచ్చినవారికి అమ్ముకొనే స్వేచ్ఛ ఇస్తుంది. బంగారం మీది సుంకాన్ని విడుస్తుంది. గంధం మీది సుంకాన్ని కొంత తగ్గిస్తుంది. కొడుకులు లేకుండా చనిపోయినవారి ఆస్తిని రాజు తీసుకొనే అపుత్రిక పద్ధతిని తొలగిస్తుంది.

గణపతిదేవుని శాసనంలో వర్తకుడు ఓడలో ఉన్నాడు. అతడి ఆపద తుఫాను, ఆ పైన తీరంలోని రాజు. అనపోతారెడ్డి శాసనంలో వర్తకుడు ఒడ్డు చేరి ఇల్లు కట్టుకొన్నాడు. అతడి ఆపదలు కూడా మారాయి. వెళ్లనివ్వరేమో, సరకును రాజపురుషులే తమకు నచ్చిన ధరకు కొనేస్తారేమో, తాను పోయాక సంపాదించినదంతా పోతుందేమో అన్నవి అతని భయాలు. శాసనం ఒక్కొక్క భయానికీ ఒక్కొక్క జవాబు చెబుతుంది. సుంకాన్ని ముందుకు సాగించడానికి రాజు అభయాన్ని సముద్రం నుండి నేల మీదికి, ప్రయాణం నుండి కాపురం దాకా, ఒక జీవితం నుండి దాని తరువాతి వారసత్వం దాకా విస్తరించాడు. పొడిగింపు అంటే గడువు పెంచడం మాత్రమే కాదని, పరిధి పెంచడమని ఈ శాసనం చూపుతున్నది.

అపుత్రిక నిషేధం సాహిత్య విద్యార్థికి వెంటనే ఒక ఘట్టాన్ని గుర్తుచేస్తుంది. అభిజ్ఞాన శాకుంతలం ఆరవ అంకంలో సముద్రవ్యాపారి ఒకడు ఓడ మునిగి సంతానం లేకుండా చనిపోయాడని, అతని ధనం రాజుకు చెందుతుందని అమాత్యుడు పత్రం పంపుతాడు. అతని భార్యలలో గర్భవతి ఎవరైనా ఉన్నారేమో విచారించమని దుష్యంతుడు ఆజ్ఞాపిస్తాడు. ఉన్నదని తెలిశాక ఆ గర్భస్థ శిశువుకే ధనం చెందుతుందని తీర్పు చెబుతాడు. నాటకంలో అది రాజు హృదయపరివర్తనకు, తన సంతానహీనత మీది వేదనకు సాధనం. అంటే అక్కడ న్యాయం ఒక రాజు మనసు కరిగినప్పుడు పుట్టింది. శాసనంలో అదే న్యాయం ఏ రాజు మనసు మీదా ఆధారపడని నియమమైంది. కాళిదాసు నాటకాలకు కుమారగిరిరాజీయమనే వ్యాఖ్య రచించిన కాటయవేముడు కొండవీటి ఆస్థానానికి చెందినవాడే కావడం గమనార్హం. అతడు అనపోతారెడ్డి తరువాతి తరం వాడు కనుక వ్యాఖ్యకూ శాసనానికీ కార్యకారణ సంబంధం కల్పించలేము. అయితే ఓడవర్తకుని ఆస్తి అన్న సమస్య ఆ రాజ్యంలో నాటకంలోనూ శాసనంలోనూ చర్చకు అందుబాటులో ఉన్నదని మాత్రం చెప్పవచ్చు.

చెల్లించినవాని వైపు నుండి: హరవిలాసం

ఇంతవరకు మాట్లాడినది రాజు. సుంకం కట్టినవారి స్వరం మన సాహిత్యంలో నేరుగా వినిపించడం అరుదు. ఆ లోటును కొంత తీర్చేది శ్రీనాథుని హరవిలాస అవతారిక. ఆ కావ్యాన్ని అంకితం పుచ్చుకొన్న అవచి తిప్పయసెట్టి రాజు కాడు, మంత్రి కాడు. వర్తకుడు. 1386 నుండి 1402 దాకా కొండవీటిని పాలించిన కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చినవాడు. కుమారగిరికి కర్పూర వసంతరాయలన్న బిరుదు ఉండడం ఆ ఉత్సవాల స్థాయిని సూచిస్తుంది.

అవతారికలో తిప్పయసెట్టి తెప్పించిన సరకులను కవి దేశాల పేర్లతో సహా చెబుతాడు. సింహళం ఏనుగులు, హురుమంజి గుర్రాలు, భోటదేశపు కస్తూరి, చీనా పట్టు, కర్పూరం, ముత్యాలు ఇలా సాగుతుందా పట్టిక. దీన్ని గణపతిదేవుని శాసనంలోని సుంకాల పట్టిక పక్కన పెట్టి చదివితే కొన్ని సరకులు రెండింటిలోనూ కనిపిస్తాయి. కర్పూరం, ముత్యాలు, పట్టు, పరిమళద్రవ్యాలు ఆ పట్టికలో ఇంతకింత అని లెక్కగా ఉన్నాయి. పద్యంలో అవే దేశదేశాల వైభవంగా నిలిచాయి. శాసనం సరకును చూసేది రేవు గడప దగ్గర. కావ్యం చూసేది రాజాంగణంలో. మధ్యలో జరిగే ప్రయాణం, అందులోని లాభనష్టాలు, చెల్లించిన సుంకం రెండింటిలోనూ కనిపించవు.

అయినా హరవిలాసం సాక్ష్యం విలువైనదే. రెండు కారణాల వల్ల. ఒకటి, సుంకం కట్టే వర్గం నుండి ఒక వ్యక్తి కావ్యానికి కృతిభర్త కాగల స్థితికి చేరాడన్నది అభయశాసనాల విధానం ఫలించిందనడానికి పరోక్షమైన ఆధారం. రాజులకూ మంత్రులకూ అంకితాలిచ్చే సంప్రదాయంలో ఒక సెట్టికి ఈ స్థానం దక్కడం చిన్న విషయం కాదు. రెండు, వాణిజ్యం తెచ్చిన సంపద ఉత్సవ రూపంలో ప్రజల కళ్ల ముందుకు వచ్చింది. వసంతోత్సవం జనాన్ని, కళాకారులను, కవులను ఒకచోట చేర్చే సందర్భం. రేవులో లెక్క కట్టిన కర్పూరం నగరంలో వసంతమై చల్లబడింది. నేటి భాషలో దీన్ని వాణిజ్యానికీ పర్యాటకానికీ మధ్య సంబంధమంటే కాలవైరుధ్యం అవుతుంది. కాని వచ్చేవారి రాకతోనే ఊరి కళ పెరుగుతుందన్న అనుభవం ఆనాటిదే.

ఆముక్తమాల్యదలో రేవు

విజయనగర కాలానికి వచ్చేసరికి రేవు గురించిన మాట శాసనం నుండి కావ్యంలోని రాజనీతికి మారింది. 1509 నుండి 1529 దాకా పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుని చేత అతని కుమారునికి చెప్పించిన రాజనీతిలో రేవుల ప్రస్తావన ఉంది. రేవులను చక్కగా పాలించి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, గంధం, ముత్యాలు వచ్చేటట్టు వాణిజ్యాన్ని పెంచాలని, ఆపదల పాలై తన తీరానికి చేరిన పరదేశులను వారి వారి జాతులకు తగినట్టు ఆదరించాలని అక్కడి ఉపదేశం. మరొక చోట దూరద్వీపాల నుండి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులకు ఊళ్లు, నగరంలో మంచి ఇళ్లు, కొలువులో దర్శనం, బహుమానాలు, గిట్టుబాటు ధర కల్పించి, ఆ సరకు శత్రువుల చేతికి పోకుండా చూసుకోవాలని చెబుతుంది.

మోటుపల్లి శాసనాల్లోని అంశాలు చాలావరకు ఇందులో ఉన్నాయి. ఆపదలో ఒడ్డు చేరినవారి రక్షణ గణపతిదేవుని శాసనాన్ని, నివాసం, గౌరవం అనపోతారెడ్డి శాసనాన్ని గుర్తుకు తెస్తాయి. విధానంగా చూస్తే ఒకే తీగ మూడు శతాబ్దాల పాటు సాగినట్టే ఉంటుంది. రచనగా చూస్తే పెద్ద తేడా కనిపిస్తుంది. శాసనాలు వర్తకుణ్ణి ఉద్దేశించి, ఉత్తమపురుషలో ఇచ్చిన మాటలు. ఆముక్తమాల్యదలోవి రాజును ఉద్దేశించి, విధ్యర్థకంలో చెప్పిన ఉపదేశాలు. శాసనంలో సుంకం అంకెతో సహా ఉంది. కావ్యంలో ఆదరణ ఉంది గాని అంకె లేదు. శాసనం చెప్పే కారణాలు దయ, కీర్తి, ధర్మం. కావ్యం చెప్పే కారణం శత్రువుకు గుర్రం దక్కకూడదన్న రాజకీయావసరం. 1510లో గోవా పోర్చుగీసుల వశమయ్యాక పశ్చిమతీరపు గుర్రాల వ్యాపారం ఎంత కీలకమైనదో తెలిసినవారికి ఈ మార్పు ఆశ్చర్యం కలిగించదు.

కావ్యానికి శాసనం పని చేయలేదన్న తప్పు పట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. కావ్యం చేసే పని వేరు. కాని వర్తకుని స్థానం నుండి చూస్తే ఉపదేశానికీ వాగ్దానానికీ ఉన్న దూరం చిన్నది కాదు. రాజు మంచివాడైతే ఉపదేశం ఫలిస్తుంది. వాగ్దానం రాజు మంచివాడు కాకపోయినా ఎత్తి చూపడానికి పనికి వస్తుంది. ఈ అర్థంలో ఆముక్తమాల్యద రేవు నీతి, ఔదార్యంలో శాసనాలకు తీసిపోకపోయినా, స్వరూపంలో తిరిగి కౌటిల్యుని దగ్గరికే చేరింది. అధికారికి చెప్పిన దయ అక్కడ, రాజుకు చెప్పిన దయ ఇక్కడ. ఘట్టకుటీప్రభాత న్యాయం ఇక్కడ కొంత వర్తిస్తుంది.

రెండు అభ్యంతరాలు

ఈ పఠనానికి రెండు అభ్యంతరాలు రావచ్చు. అభయశాసనం కీర్తి కోసం చెక్కించిన ప్రకటనే తప్ప ఆచరణకు సాక్ష్యం కాదన్నది ఒకటి. ఈ మాటలో నిజం ఉంది. ఇచ్చిన మాట ప్రతి ఓడ విషయంలోనూ నిలిచిందని చెప్పడానికి శాసనం చాలదు. పైగా 1358లో అభయాన్ని మళ్లీ ప్రకటించవలసి రావడాన్ని రెండు విధాలా చదవవచ్చు. పాత మాట నిలిచి ఉన్నది కనుకనే దాన్ని ఆధారంగా చేసుకొన్నారని ఒక పఠనం. అది చెదిరిపోయింది కనుకనే తిరిగి చెప్పవలసి వచ్చిందని మరొక పఠనం. రాజ్యం మారిన సంధికాలంలో రెండూ కొంత కొంత నిజమై ఉండడానికి వీలుంది. కాని ఆచరణ ఎలా ఉన్నా, ఒక ప్రమాణం రాతి మీద అందరికీ కనిపించే చోట ఉండడం వేరే సంగతి. అది ఆచరణను కొలిచే కొలబద్ద అవుతుంది. "పాత మర్యాద" అని రెండవ శాసనం అనగలిగింది ఆ కొలబద్ద ఉన్నందువల్లనే.

అభయశాసనాలు వర్తకుల కోసమే తప్ప స్థానిక ప్రజల కోసం కావన్నది రెండవ అభ్యంతరం. ఇది మరింత గట్టిది. పల్లెలో రైతు కట్టే పన్నులకు ఇలాంటి అభయం ఈ రెండు శాసనాల్లో లేదు. రేవు బతుకుకు ఆధారమైన బెస్తలు, ఓడ కళాసులు, మూటలు మోసేవారు, సాలెలు ఈ శాసనాల్లో కనిపించరు. ముప్పయ్యో వంతు సుంకం ఎవరి శ్రమ మీద నిలిచిందో వారికి ఆ రాతి మీద చోటు దొరకలేదు. బయటి నుండి వచ్చేవారిని రప్పించడానికి రాసిన ప్రతి పత్రంలోనూ ఈ లోపానికి అవకాశం ఉంటుంది. సుంకాన్ని పైనుండి కిందికి కాక ఇరువైపుల ఒప్పందంగా చదువుతామని చెప్పే ఏ పఠనమైనా ఆ ఒప్పందంలో మూడో పక్షం ఉందని మరవకూడదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు. గణపతిదేవుని శాసనంలో సుంకం రాజు తనకు తాను గీసుకొన్న గీత. అనపోతారెడ్డి శాసనంలో ఆ గీత అలాగే ఉండగా దాని లోపల ఇచ్చే రక్షణ విస్తరించింది. హరవిలాసంలో ఆ రక్షణ కింద ఎదిగిన వర్తకుడు కృతిభర్తగా కనిపించాడు. ఆముక్తమాల్యదలో అదే విధానం రాజు స్వరంలో, రాజు ప్రయోజనం కోసం తిరిగి చెప్పబడింది. ఈ క్రమంలో సుంకం అంకె క్రమంగా కనుమరుగైంది. అంకెతో పాటు దాన్ని కట్టేవాణ్ణి ఉద్దేశించి మాట్లాడే పద్ధతి కూడా.

తెలుగు శాసనాలను భాషా పరిణామానికి, ఛందస్సుకు ఆధారాలుగా చదివే సంప్రదాయం మనకు బలంగా ఉంది. వాటిని సంబోధన రూపాలుగా, పూచీపత్రాలుగా చదవడం వల్ల సాహిత్య చరిత్రకూ కొంత లాభం ఉంటుంది. కావ్యావతారికల్లోని సరకుల వర్ణనలను, నీతి పద్యాల్లోని రేవు ప్రస్తావనలను ఆలంకారికంగానే కాక సుంకాల పట్టికల పక్కన పెట్టి చదివితే మరికొన్ని గ్రంథాలు కూడా కొత్తగా మాట్లాడవచ్చు. సుంకాన్ని పొడిగించే ప్రతి పాలకుడూ మోటుపల్లి వర్తకుడు అడిగి ఉండగల ప్రశ్నలనే ఎదుర్కొంటాడు. పోయినసారి చెప్పిన మాట ఏమైంది? ఈసారి దానికి ఏమి కలుపుతున్నారు? 1358 నాటి శాసనం రెండో ప్రశ్నకు వివరంగా జవాబు చెప్పింది. మొదటి ప్రశ్నకు దాని జవాబు పాత మర్యాద అన్న మాటలోనే ఉంది.